మంచు చరియలు: గుల్మార్గ్‌లో రోజూ వినే అపోహలు

చలికాలంలో కశ్మీర్‌లోని గుల్మార్గ్‌లో స్కీ గైడ్‌గా పనిచేస్తాను. గొండోలాలో (తీగల మీద నడిచే కేబుల్ కారు) అఫర్వత్ కొండ దాకా ఎక్కి, స్కీయింగ్‌కి కేటాయించిన హద్దు దాటి అవతలి వాలులోకి దిగుదామనే మనవాళ్లు చాలామందే వస్తారు. వాళ్ల నోట వినేవే ఇవన్నీ.

అపోహ: గట్టిగా అరిస్తే చరియ కూలుతుంది.

సినిమాల చలవ ఇది. అరుపుకి అంత బలం లేదు, మనిషి బరువుకి ఉంది. స్కీయింగ్‌లో చరియ కింద పడి పోయినవాళ్లలో దాదాపు 90 శాతం విషయంలో దాన్ని కదిలించింది వాళ్లో, వాళ్ల జట్టువాళ్లో.

అపోహ: మంచు పడి మూడు రోజులైంది, ఎండ కూడా కాస్తోంది. ఇక భయం లేదు.

నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది ఈ మాటే. డిసెంబరులో పలుచగా పడ్డ మంచుకి అడుగున, నేల దగ్గర, సున్నా డిగ్రీలుంటే పైన రాత్రిపూట మైనస్ పది, పదిహేను ఉంటుంది. ఆ తేడాకి ఆవిరి పైకి పాకుతూ అడుగు పొరను పంచదార పలుకుల్లా మార్చేస్తుంది. పలుకుకీ పలుకుకీ పట్టు ఉండదు. జనవరిలో దాని మీద మీటరు మంచు పడి గట్టిగా బిగుసుకుంటుంది. పైన ఎండ ఎంత కాసినా అడుగు పొర వారాల తరబడి అలాగే పట్టు లేకుండా ఉండిపోవచ్చు.

అందుకే మంచులో గుంత తవ్వి చూస్తాం. 30 సెంటీమీటర్ల చదరంలో ఒక స్తంభం కోసి, మీద పార రేకు పెట్టి తడతాం: మణికట్టుతో పది, మోచేతితో పది, భుజం నుంచి పది. ఒక్కోసారి మోచేతి దెబ్బ రెండోది పడేసరికే పైభాగమంతా జారి ఒళ్లో పడుతుంది. తెగినచోట వేలితో రాస్తే పలుకులు జలజలా రాలతాయి. అయితే ఒక గుంత బాగుంటే కొండంతా బాగున్నట్టు కాదు. కాస్త అవతలే గాలి మంచును తెచ్చి పోసి ఉండొచ్చు. నడుస్తుంటే కింద ‘ధుమ్’మని కుంగినా, కాళ్ల దగ్గర్నుంచి పగుళ్లు పరిగెత్తినా గుంత కూడా అక్కర్లేదు, వెనక్కి తిరగడమే.

అపోహ: నిటారు కొండలే ప్రమాదం.

ఎక్కువ చరియలు 30 నుంచి 45 డిగ్రీల వాలులోనే జారతాయి. స్కీయింగ్‌కి మజా వచ్చేదీ అదే వాలు, ఏం చేస్తాం! ముందు వెళ్లినవాళ్ల జాడలున్నా భరోసా లేదు. పదిమందిని మోసిన వాలు పదకొండోవాడి కింద తెగొచ్చు.

అపోహ: ఇరుక్కుంటే రెస్క్యూ టీమ్ వస్తుంది.

2016లో సియాచిన్‌లో ఆరు రోజుల తర్వాత ప్రాణాలతో దొరికిన జవాను హనుమంతప్ప పేరు చెబుతారు. ఆయనా మూడు రోజులకే ఆసుపత్రిలో కన్నుమూశారు. ఆయనతోపాటు కూరుకుపోయిన తొమ్మిదిమందిలో కర్నూలు జిల్లా జవాను ఒకరు. ఆ తొమ్మిదిమందిలో ఒక్కరూ బతకలేదు. మొదటి పది నిమిషాల్లో బయటికి తీస్తే ఎక్కువమంది బతుకుతారు. అరగంట దాటితే మూడింట రెండు వంతుల మంది దక్కరు. వదిలిన గాలినే మళ్లీ పీల్చి ఊపిరాడక పోతారు. అంత తొందరగా తవ్వగలిగింది పక్కనున్నవాళ్లే. కాబట్టి బీకన్ (మంచు కింద ఉన్నవాళ్ల జాడ తెలిపే సిగ్నల్ పరికరం), ప్రోబ్ కర్ర (మంచులోకి గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), పార ప్రతి ఒక్కరి దగ్గరా ఉండాలి. బీకన్‌ను బ్యాగులో పడేయకుండా జాకెట్ లోపల ఒంటికి కట్టుకుని, గొండోలా ఎక్కకముందే ఆన్ చేసి, పక్కవాళ్ల బీకన్‌కి అందుతోందో లేదో చూసుకోండి.