పిప్పితో వెలిగిన దీవి: మారిషస్ కరెంటు వెనకున్న చెరకు చరిత్ర

2030 నాటికి తమ కరెంటులో 60 శాతం పునరుత్పాదక వనరుల నుంచే రావాలని, ఆలోగా బొగ్గు వాడకం పూర్తిగా ఆగిపోవాలని మారిషస్ 2021లో లక్ష్యం పెట్టుకుంది. వాటా మాత్రం కొన్నేళ్లుగా ఐదో వంతుకు అటూ ఇటూగానే ఉంటోంది. ఆ ఐదో వంతులోనూ పెద్ద భాగం సోలార్‌ది కాదు, గాలిమరలది అంతకన్నా కాదు. చెరకు పిప్పిది. ఈ దీవి ఇంధన విధానం ఎందుకు ముందుకు సాగడం లేదో తెలియాలంటే చూడాల్సింది సోలార్ ప్యానెళ్లను కాదు, చెరకు తోటలను.

1598లో డచ్చివాళ్లు దిగేనాటికి అక్కడ మనుషులు లేరు. తీరం నుంచి కొండల దాకా అడవే. నల్లచేవ కలప కోసం వాళ్లు చెట్లు నరికారు, జావా నుంచి చెరకు తెచ్చి నాటారు. డోడో పక్షి వాళ్ల కాలంలోనే అంతరించింది. తర్వాత వచ్చిన ఫ్రెంచివాళ్లలో పియర్ ప్వావ్రా అనే పాలనాధికారి ఉండేవాడు. చెట్లు పోతే వానలు తగ్గుతాయని నమ్మిన ఆయన హయాంలో, 1769లో, భూమి పొందిన ప్రతివాడూ నాలుగో వంతు అడవిగానే ఉంచాలని శాసనం వచ్చింది. పర్యావరణ చట్టాల చరిత్రలో ఇది చాలా తొలినాటి అడుగు. కానీ దాని పని ఎక్కువ కాలం సాగలేదు. 1810లో దీవి బ్రిటిషర్ల చేతికి వచ్చింది. 1825లో బ్రిటన్‌లో మారిషస్ చక్కెరపై దిగుమతి పన్నును తగ్గించి వెస్టిండీస్ చక్కెరతో సమానం చేశారు. అంతే, అడవి చెరకు తోటగా మారిపోయింది. నేడు చెక్కుచెదరని సహజ అడవి 2 శాతం కూడా లేదు.

ఆ తోటల్లో పని చేసింది మొదట ఆఫ్రికా, మడగాస్కర్‌ల నుంచి తెచ్చిన బానిసలు. బానిసత్వం రద్దయ్యే సమయంలో, 1834 నుంచి, ఒప్పంద కూలీలుగా భారతీయులు వెళ్లారు. ఆ తర్వాత ఎనభై ఏళ్లలో వెళ్లినవాళ్లు నాలుగున్నర లక్షల పైమాటే. వాళ్లలో గంజాం, విశాఖ, గోదావరి ప్రాంతాల నుంచి కాకినాడ పక్కనున్న కోరంగి రేవులో ఓడెక్కినవాళ్లూ ఉన్నారు. ఇవాళ్టికీ మారిషస్‌లో ఉగాది ప్రభుత్వ సెలవు దినం. చెరకు గురించి అక్కడ తీసుకునే ప్రతి నిర్ణయం వెనక ఈ కూలీల కుటుంబాల కథ ఉంది. పెద్ద ఎస్టేట్లు ఫ్రెంచి సంతతి యజమానుల దగ్గరే ఉండిపోయాయి. కూలీల పిల్లలు పైసా పైసా కూడబెట్టి కొనుక్కున్న చిన్న కమతాలు చిన్న రైతులవి. కరెంటు డబ్బులు ఎవరికి ఎంత అనే గొడవ ఈ విభజన మీదే నడుస్తుంది.

1968లో స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఎగుమతుల ఆదాయంలో 90 శాతానికి పైగా చక్కెరదే. బొగ్గు లేదు, చమురు లేదు. నదులు పొట్టివి, జలవిద్యుత్తుకు దొరికే కొద్దిపాటి అవకాశాన్నీ దాదాపుగా వాడేసుకున్నారు. 1952లో ఏర్పడిన సెంట్రల్ ఎలక్ట్రిసిటీ బోర్డు ప్రధానంగా దిగుమతి చమురు మీదే నడిచింది. అయితే ఫ్యాక్టరీ పెరట్లోనే ఒక ఇంధనం గుట్టలుగా పడి ఉండేది. టన్ను చెరకు ఆడితే పావు టన్నుకు పైగా పిప్పి వస్తుంది. దాన్ని కాల్చి, ఆ ఆవిరితో మిల్లు నడపడం పాత పద్ధతే. మిల్లు అవసరం తీరగా మిగిలిన కరెంటును 1957లో సెయింట్ ఆంట్వాన్ ఫ్యాక్టరీ గ్రిడ్‌కు అమ్మింది. ప్రపంచంలో పునరుత్పాదక ఇంధనం అనే మాట ఇంకా వాడుకలోకి రాని రోజులవి.

1973, 1979 చమురు సంక్షోభాలు ఆ చిన్న అమ్మకాన్ని విధానంగా మార్చాయి. 1980ల మధ్యలో ఫ్లాక్ ప్రాంతంలోని పెద్ద ఎస్టేట్ ఏడాది పొడవునా కరెంటు ఇచ్చే ప్లాంటు కట్టింది. 1988లో చక్కెర పరిశ్రమ సామర్థ్య చట్టం, 1991లో పిప్పి ఇంధన అభివృద్ధి కార్యక్రమం వచ్చాయి. చిన్న చిన్న ఫ్యాక్టరీలు మూసి, పని పెద్దవాటికి అప్పగించి, అధిక పీడన బాయిలర్లు పెట్టించారు. 2000లో బెల్ వ్యూలో, 2007లో సవానాలో వచ్చిన ప్లాంట్లు 82 బార్ (మామూలు గాలి పీడనానికి దాదాపు 82 రెట్లు) పీడనంతో నడిచేవి. పాత బాయిలర్‌తో పోలిస్తే టన్ను చెరకు మీద వచ్చే కరెంటు కొన్ని రెట్లు పెరిగింది. పిప్పి నుంచి కరెంటు ఎలా తీయాలో నేర్చుకోవడానికి ఇతర దేశాల వాళ్లు మారిషస్ వచ్చారు. ఇది నిజమైన విజయం, దాన్ని తక్కువ చేసి చూడక్కర్లేదు.

కానీ చిక్కు ఆ బాయిలర్లలోనే ఉంది. మిల్లుల్లో చెరకు ఆడేది జూన్ నుంచి డిసెంబర్ దాకానే. మిగతా నెలల్లో పిప్పి ఉండదు. ఏడాదంతా కరెంటు ఇవ్వాలని ఒప్పందం కాబట్టి, పిప్పి లేనప్పుడు అదే పొయ్యిలో బొగ్గు పోస్తారు. బొగ్గు ఎక్కువగా దక్షిణాఫ్రికా నుంచి వస్తుంది. పచ్చటి విధానం పేరుతో కట్టిన ప్రతి ప్లాంటుతోనూ బొగ్గు ప్లాంటు కూడా వచ్చినట్టే. 2005లో సెయింట్ ఆబిన్ దగ్గర వచ్చినది పూర్తిగా బొగ్గుదే. 2010ల్లో దీవి కరెంటులో బొగ్గు వాటా 40 శాతం దగ్గర ఉండగా, పిప్పి వాటా ఆరో వంతు. మారిషస్‌లోకి బొగ్గు ఇంత పెద్ద ఎత్తున వచ్చింది చెరకు చాటునే అని నా అభిప్రాయం. ఇంకా నడిచే స్థితిలో ఉన్న ప్లాంట్లను ఆపడమంటే మాటలు కాదు.

ఇదే సమయంలో చెరకు కింద నేల కదిలిపోయింది. 1975 నుంచి యూరప్ మారిషస్ చక్కెరను హామీ ధరకు, కోటా పద్ధతిలో, ఏటా 5 లక్షల టన్నుల దాకా కొనేది. 2006 నుంచి నాలుగేళ్లలో ఆ ధర 36 శాతం కోసేశారు. 2009లో ఒప్పందమే ముగిసింది. 1973లో 7 లక్షల టన్నులు దాటిన చక్కెర ఉత్పత్తి ఇప్పుడు దానిలో సగానికీ చాలా తక్కువ. ఒకప్పుడు 250కి పైగా ఉన్న మిల్లులు మూడుకు వచ్చాయి. చెరకు తగ్గితే పిప్పి తగ్గుతుంది, పిప్పి తగ్గితే పునరుత్పాదక వాటా తగ్గుతుంది, ఆ లోటును బొగ్గు, చమురు పూడుస్తాయి. సోలార్ పెట్టినంత పెట్టినా మొత్తం వాటా ఎందుకు పెరగడం లేదంటే ఒక ముఖ్య కారణం ఇదే.

2008లో ప్రధాని నవీన్ రామ్‌గూలం 'మారిషస్ సుస్థిర దీవి' కార్యక్రమాన్ని ప్రకటించారు. మారిషస్‌లో పుట్టి ఫ్రాన్స్‌లో పేరు తెచ్చుకున్న శాస్త్రవేత్త జోయెల్ ద రోనే సలహాదారు. చమురు, బొగ్గు దిగుమతుల మీద చిన్న సుంకం వేసి ఆ డబ్బుతో నిధి పెట్టారు. 2009లో వచ్చిన దీర్ఘకాలిక ఇంధన వ్యూహం 2025కు 35 శాతం లక్ష్యం పెట్టింది. అదే ప్రభుత్వ హయాంలో పశ్చిమ తీరాన ఆల్బియోన్ దగ్గర 100 మెగావాట్ల కొత్త బొగ్గు ప్లాంటు ప్రతిపాదన నడిచింది! సుస్థిర దీవి అని చెప్పుకుంటూ బొగ్గు ప్లాంటేమిటని జనం రోడ్డెక్కారు. 2013 మొదట్లో ఒక యువ కార్యకర్త నిరాహార దీక్షకు కూర్చుంటే, ప్రభుత్వం దిగొచ్చి జాతీయ ఇంధన కమిషన్ వేయాల్సి వచ్చింది. ప్లాంటు చివరికి రాలేదు. 2014 చివర్లో ప్రభుత్వం మారాక 'సుస్థిర దీవి'ని కూడా పక్కన పెట్టేశారు. 35 శాతం లక్ష్యం చేరకుండానే 2025 గడిచిపోయింది.

సోలార్, గాలి విషయంలో అడ్డంకులు వేరు. 2014లో బాంబూ దగ్గర 15 మెగావాట్ల సోలార్ ప్లాంటు వచ్చింది. తర్వాత ప్లెన్ దె రోష్‌లో గాలిమరలు తిరిగాయి. అయితే దీవి మొత్తం అత్యధిక డిమాండ్ 500 మెగావాట్లకు కాస్త పైన. మన ఉమ్మడి కర్నూలు జిల్లా సోలార్ పార్కు ఒక్కదాని సామర్థ్యమే 1,000 మెగావాట్లు. కర్నూలు మీద మబ్బు పడితే దేశంలో ఇంకెక్కడి నుంచో కరెంటు వస్తుంది. మారిషస్‌కు పక్కన ఆదుకునే గ్రిడ్ లేదు, ఉన్నది సముద్రం. నిమిషాల్లో పడిపోయే సోలార్ ఉత్పత్తిని సర్దడానికి గ్రిడ్‌లో భారీ బ్యాటరీలు పెట్టుకోవాల్సి వచ్చింది. పైగా తుఫాన్లు. మారిషస్‌లో భాగమైన రోడ్రిగ్స్ దీవిలో కొన్ని గాలిమరలను స్తంభంతో సహా నేల మీదికి వంచి పడుకోబెట్టే ఏర్పాటుతో కట్టారు. తుఫాను హెచ్చరిక రాగానే వాటిని దించేస్తారు, గాలి తగ్గాక మళ్లీ నిలబెడతారు. ఇలాంటి దీవికి ఎవరో ఎక్కడో తయారు చేసిన పథకం అచ్చంగా సరిపోదు.

చమురు తెచ్చే ముప్పు ఏమిటో 2020లో జనం కళ్లారా చూశారు. జూలై 25న వకాషియో అనే జపాన్ నౌక ఆగ్నేయ తీరంలో పగడపు దిబ్బకు తగులుకుంది. ఆగస్టు 6న ఇంధనం కారడం మొదలైంది. సుమారు 1,000 టన్నుల చమురు, బ్లూ బే సముద్ర సంరక్షణ ప్రాంతానికి పక్కనే, మాహెబర్గ్ తీరమంతా నల్లగా పరుచుకుంది. చమురు తొలగించే పని తమకు వదిలేయమని అధికారులు చెప్పినా జనం వినలేదు. వందల మంది తీరానికి చేరి, గుడ్డ గొట్టాల్లో ఎండు చెరకాకు కూరి, కుట్టి, ఖాళీ ప్లాస్టిక్ సీసాలు కట్టి తేలేలా చేసి, నీళ్లలోకి లాగి చమురును అడ్డుకున్నారు. సెలూన్లలో కత్తిరించిన జుట్టు కూడా పోగు చేసి పంపారు. నెలాఖరున రాజధాని పోర్ట్ లూయిస్ వీధుల్లో వేలమంది నల్ల దుస్తులతో కవాతు చేశారు. అదే ఏడాది వాతావరణ మార్పు చట్టం వచ్చింది. 60 శాతం లక్ష్యం, బొగ్గుకు స్వస్తి ప్రకటన ఆ మరుసటి ఏడాది బడ్జెట్‌లో వచ్చాయి.

భారత్ ఈ కథలో రెండు వైపులా ఉంది. 2007 నుంచి చాలా ఏళ్లు ఆ దీవికి పెట్రోల్, డీజిల్, ఫర్నేస్ ఆయిల్ మంగళూరు రిఫైనరీ నుంచే వెళ్లాయి. 2022 జనవరిలో 8 మెగావాట్ల సోలార్ ఫామ్‌కు సాయం చేసిందీ భారతే.

ఇప్పుడు తేలాల్సిన అసలు ప్రశ్న చెరకు రైతుది. చిన్న రైతు తోలిన చెరకులో చక్కెర వాటా అతనికి దక్కేది, పిప్పితో వచ్చే కరెంటు లాభంలో మాత్రం చాలా ఏళ్లు చిల్లర మాత్రమే విదిల్చారు. కూలి ఖర్చు పెరిగింది, చక్కెర ధర పడింది, వేల ఎకరాలు బీడు పడ్డాయి. రైతులు ఎన్నో ఏళ్లుగా అడుగుతుంటే 2021 బడ్జెట్‌లో పిప్పి ధరను గట్టిగా పెంచారు. పిప్పి ఒక్కటే చాలదు కాబట్టి చెరకాకు, కలప, ఇతర జీవ వ్యర్థాలకూ యూనిట్‌కు ధర కట్టి, బొగ్గు మానేసి ఏడాదంతా వాటితోనే బాయిలర్లు నడపాలన్నది ప్రభుత్వ ఆలోచన. దానికి ఏటా కావలసినంత జీవపదార్థం దీవిలోనే పండుతుందా, బయటి నుంచి కలప ముక్కలు దిగుమతి చేసుకోవాలా అన్నది ఇంకా నలుగుతోంది. దిగుమతి చేసుకుంటే బొగ్గు ఓడ స్థానంలో కలప ఓడ వస్తుంది, బీడు పడ్డ చెరకు భూమి బీడుగానే ఉంటుంది. యూనిట్ ధరలో రైతుకు ఎంత, మిల్లుకు ఎంత అన్నది ముందు తేల్చకుండా 60 శాతం లెక్క కుదరదని నేను అనుకుంటున్నాను. ఈలోగా 2025 వేసవిలో డిమాండ్ కొత్త రికార్డుకు చేరింది, సాయంత్రాలు కరెంటు వాడకం తగ్గించమని ప్రభుత్వం జనాన్ని కోరాల్సి వచ్చింది.