గోదావరిలో వదిలే శీలావతి పిల్లకు తల్లి ఎవరు?

గోదావరిలో ఎర్రనీరు దిగే రోజులొస్తే ఏట్లో చేపలు పెరగాలని వదిలే చేపపిల్లల లారీలు రేవులకు వస్తాయి. వాటి వెనకే పాత పేచీ మళ్లీ లేస్తుంది. లంకల్లో వేట మీద బతికేవాళ్లు లక్షల లెక్క అడగడం లేదు. ఆ పిల్లల తల్లి చేపలు ఏ నీళ్లవి అని అడుగుతున్నారు.

1957లో ఒడిశాలోని అంగుల్‌లో శాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి సూదిమందుతో చేపల చేత గుడ్లు పెట్టించిన సంగతి అందరికీ తెలిసిందే. ఇప్పటి తగాదాకు మూలం మాత్రం 1992లో ఉంది. ఆ ఏడాది భువనేశ్వర్ దగ్గరి కౌసల్యాగంగలోని మంచినీటి చేపల పరిశోధన సంస్థ సీఫా, నార్వే చేపల పరిశోధన సంస్థ అక్వాఫోర్స్క్‌తో కలిసి శీలావతి (రోహు)లో మేలురకం తీసే పని మొదలుపెట్టింది. అక్వాఫోర్స్క్ అప్పటికే 1970ల నుంచి సాల్మన్ చేపలో అదే పని చేస్తోంది. ఒక్కో జంట పిల్లల్ని విడిగా పెంచారు. 10-15 గ్రాములకు రాగానే పొట్టలో బియ్యపు గింజంత గుర్తు పెట్టి అన్నిటినీ ఒకే చెరువులో కలిపారు. పట్టుబడికి వచ్చాక తూచి, చేప బరువుతో పాటు దాని తోబుట్టువుల బరువు కూడా చూసి తర్వాతి తరానికి తల్లుల్ని ఎంచారు. 1997లో బయటికొచ్చిన 'జయంతి' రకం తరానికి దాదాపు 17 శాతం ఎక్కువ పెరిగింది. కైకలూరు, ఆకివీడు చెరువుల రైతుకు అంతకన్నా కావలసిందేముంది?

అయితే మొదటి తల్లులు వచ్చింది గంగ, యమున, గోమతి, సట్లెజ్, బ్రహ్మపుత్రల నుంచి, సీఫా సొంత చెరువుల నుంచి. గోదావరి అందులో లేదు. ఎంచిన గుణం చెరువులో బరువు. వరదలో ఎదురీదడం, మేత వేసేవాడు లేకుండా బతకడం ఎవరూ కొలవలేదు, ఆ పనికి అవసరమూ లేదు.

సముద్రంలోకి వదిలే సాల్మన్‌తో ఐస్‌లాండ్‌లో వేరే దారి పట్టారు. పిల్ల ముక్కులో సన్నని తీగముక్క పెట్టి, వీపు మీది చిన్న కొవ్వు రెక్క కత్తిరించి వదిలేవారు. ఏడాదికో రెండేళ్లకో తిరిగొచ్చిన వాటిలో ఏ కుటుంబానివి ఎన్నో లెక్కేసి, ఎక్కువ తిరిగొచ్చిన కుటుంబాల నుంచి తల్లుల్ని తీసేవారు. ఆ గుణం తరానికి తరానికి కొద్దిగానే దిగుతుంది. తిరిగొచ్చేవి తగ్గిపోయి 1990లలో ఆ వ్యాపారమే దెబ్బతింది. అయినా వాళ్లు కొలిచింది వదిలిన నీళ్లలో బతకడానికి కావలసిన గుణాన్నే.

మన హ్యాచరీల్లో (పిల్లల్ని పుట్టించే కేంద్రాల్లో) చెరువు పిల్లకు తల్లి చేపల వరసనూ ఏటి పిల్లకు తల్లి చేపల వరసనూ విడిగా ఉంచే అలవాటు చాలాచోట్ల లేదు. పది ఆడ, అయిదు మగ చేపలతో సీజన్ నడిపితే వారసత్వం లెక్కలో అవి పదమూడు చేపలకే సమానం. దగ్గరి రక్తసంబంధం (ఇన్‌బ్రీడింగ్) తరానికి 3.75 శాతం చొప్పున పెరుగుతుంది. అదే యాభై జతలు పెడితే అర శాతమే. శీలావతినీ బొచ్చె (కట్లా)నూ ఒకే తొట్టిలో గుడ్లు పెట్టిస్తే సంకరం పుట్టవచ్చు. స్పాన్ దశలో, అంటే గుడ్డు నుంచి అప్పుడే వచ్చిన పిల్లగా ఉన్నప్పుడు, దాన్ని కంటితో పట్టలేం. చెరువులో ఆ తప్పు ఒక పంటతో పోతుంది. ఏట్లో పడితే అక్కడి చేపతో కలిసి తరతరాలకూ దిగుతుంది.

హ్యాచరీల వాదన కూడా ఉంది. ఏటి తల్లి చేప దొరకడం కష్టం, దొరికినా ఆడ, మగ ఒకేసారి పక్వానికి రావు, ఆర్డరు మాత్రం సీజన్లోనే తీర్చాలి అంటున్నారు. కష్టం నిజమే. కంటవలలో చిక్కిన చేప పొలుసులు రాలి చచ్చిపోతుంది. లాగుడు వలతో తెల్లవారుజామున పట్టి, క్రిములు చావడానికి పర్మాంగనేట్ నీళ్లలో ముంచి, విడి చెరువులో కొన్ని నెలలు ఉంచాలి. ఆడ, మగ ఒకేసారి పక్వానికి రాకపోయినా, మగచేప వీర్యాన్ని ద్రవ నత్రజనిలో, మైనస్ 196 డిగ్రీల దగ్గర దాచే పద్ధతి మన దేశంలో శీలావతికి ఎప్పుడో కుదిరింది. గంగలో వదిలే పిల్లను గంగలో పట్టిన తల్లుల నుంచే తీస్తున్నారు. అక్కడ కుదిరినది రాజమహేంద్రవరం దగ్గర ఎందుకు కుదరదని వేటగాళ్లు అడుగుతున్నారు. ఇంతవరకు దానికి సరైన జవాబు రాలేదు.

ఎక్కడ వదలాలన్న దానిమీద మాటే లేదు, ఉండాలి. ఎండాకాలం ధవళేశ్వరం దిగువన గౌతమి, వశిష్ఠ పాయల్లోకి ఉప్పునీరు ఎక్కుతుంది, శీలావతి దానికి తాళదు. ఆనకట్ట ఎగువనే వదలాలి. పిల్ల 80-100 మిల్లీమీటర్లు ఉండాలి. ముందురోజు మేత మాన్పి హాపాలో (నీళ్లలో కట్టిన వలగుడ్డ తొట్టిలో) ఉంచాలి. ఆక్సిజన్ సంచుల్ని పావుగంట ఏటి నీళ్లలో తేలనిచ్చాకే మూతి విప్పాలి.