బరువు ఎక్కడ ఆనుతున్నదో చూసి బండి కట్టండి

చిరంజీవులిద్దరికీ తాతయ్య ఆశీస్సులు.

కాలేజీ సెలవుల్లో మన ట్రావెల్ ట్రైలర్‌ను, అదే పికప్ ట్రక్కు వెనుక తగిలించి లాగే మన చక్రాల ఇంటిని, డాలస్ నుంచి టెక్సస్‌లోనే ఉన్న పాలో డ్యూరో కాన్యన్ లోయకు మీరే లాక్కుని వెళతారట, మీ అమ్మ ఫోనులో చెప్పింది. తాళం ఇవ్వడానికి నాకు అభ్యంతరం ఏమీ లేదు. అయితే ఇన్నేళ్లుగా దానిని లాగుతూ, నిలుపుతూ నేను తెలుసుకున్నది ఫోనులో చెబితే సగం చెవిన పడదు కనుక కాగితం మీద పెడుతున్నాను. తెలుగు చదవడానికి మీకు కొంత సమయం పడుతుందని తెలుసు, పట్టనివ్వండి.

మా చిన్నతనంలో మా నాన్న ఎడ్ల బండికి వడ్ల బస్తాలు ఎత్తించేటప్పుడు, అంతా అయిన తరువాత నొగ దగ్గర నిలబడి, కాడిని రెండు చేతులతో పైకెత్తి చూసేవాడు. అది ఊరికే లేచిపోతే ఒక బస్తాను వెనుక నుంచి ముందుకు జరపమనేవాడు, ఎత్తలేనంత బరువుగా ఉంటే ఒకటి వెనక్కి నెట్టమనేవాడు. వెనుక బరువెక్కితే కాడి పైకి తన్ని, మెడకు కట్టిన పలుపు ఎద్దు గొంతును బిగిస్తుంది. ముందు బరువెక్కితే ఎద్దు మెడ పుండు పడుతుంది. ట్రైలర్ కూడా ఇరుసు మీద నిలిచిన బండే. ఎద్దుల చోట పికప్ ఉన్నది, కాడి చోట హిచ్ బాల్, అంటే పికప్ వెనుక ట్రైలర్‌ను తగిలించే ఇనుప గుండు ఉన్నది, అంతే తేడా. బరువు ఎవరి మీద, ఎంత ఆనుతున్నది అన్న ప్రశ్న మాత్రం మారలేదు.

మన ట్రైలర్ సామానుతో కలిపి సుమారు 6,000 పౌండ్లు, అంటే 2,700 కిలోలు తూగుతుంది. ఇందులో పది నుంచి పదిహేను శాతం, అంటే 600 నుంచి 900 పౌండ్ల వరకు హిచ్ బాల్ మీద పడాలి. ఆ మాత్రం పడాలంటే బరువైన సామాను ఎక్కువ భాగం ఇరుసుకు ముందువైపునే సర్దాలి. ఎంత పడుతున్నదో కంటితో తేల్చలేము. ట్రక్ స్టాపుల్లో ఉండే కాటా మీద పికప్‌ను ఒంటరిగా ఒకసారి తూచి, తరువాత ట్రైలర్ తగిలించి, హిచ్‌కు ఉండే స్ప్రింగు కడ్డీలు (వాటి సంగతి తరువాత చెబుతాను) బిగించకుండా, పికప్ ఇరుసుల మీద పడే బరువును మరొకసారి తూస్తే, ఈ రెండింటి తేడాయే మనకు కావలసిన లెక్క. పికప్ మోయగలిగిన బరువును డ్రైవరు తలుపు అంచున అంటించిన పట్టీ మీద చూడండి. ఎన్ని వేల పౌండ్లయినా లాగుతుందని అమ్మేవాళ్లు గొప్పగా చెప్పే అంకెకూ, ఆ పట్టీ మీది చిన్న అంకెకూ చాలా దూరం ఉంటుంది. హిచ్ మీద పడే బరువు, మీరిద్దరూ, మీ స్నేహితులు, వెనుక తొట్టిలో పడేసే సామాను అన్నీ ఆ చిన్న అంకెలోనే ఇమడాలి.

ఈ లెక్కను నేను ఒకసారి లక్ష్యపెట్టలేదు. ఇరుసుకు వెనుక ఉన్న నీళ్ల ట్యాంకును 40 గ్యాలన్లతో అంచు వరకు నింపాను. గ్యాలన్ నీరు ఎనిమిది పౌండ్లకు పైనే తూగుతుంది కనుక అదే దాదాపు 330 పౌండ్లు అయింది. దానికి తోడు వెనుక చట్రానికి రెండు సైకిళ్లు, వెనుక అరలో మీ అమ్మమ్మ పెట్టించిన బియ్యం బస్తా. 287 నంబరు రహదారి మీద విచిటా ఫాల్స్ దాటిన తరువాత ఒక పెద్ద లారీ మమ్మల్ని దాటుతుండగా, దాని గాలి ట్రైలర్‌ను మొదట పక్కకు నెట్టి, మరుక్షణం తనవైపు లాక్కున్నది. తోక ఊగడం మొదలైంది. రెండో ఊపు మొదటిదానికంటే పెద్దది, మూడోది అంతకంటే పెద్దది. అద్దంలో చూస్తే ట్రైలర్ వెనుక మూల ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు కనిపించింది. అమ్మమ్మ ఏమీ మాట్లాడలేదు, తలుపు పిడిని మాత్రం పట్టుకున్నది.

అటువంటప్పుడు కాలు తనంతట తానే బ్రేకు మీదికి పోతుంది, పోనివ్వకండి. ముందున్న పికప్ ఒక్కసారిగా నెమ్మదిస్తే వెనుకనున్న బరువు దానిని నెడుతూ ఇంకా వంకర తిరుగుతుంది. ఊపుకు ఎదురుగా స్టీరింగు తిప్పడం కూడా తప్పే, మన చెయ్యి ఎప్పుడూ ఒక ఊపు ఆలస్యంగానే తిరుగుతుంది. స్టీరింగును తిన్నగా పట్టుకుని, యాక్సిలరేటరు మీద నుంచి కాలు తీసి, డ్యాష్‌బోర్డు కింద ఉన్న బ్రేక్ కంట్రోలర్ మీటను చేతితో మెల్లగా నొక్కితే ట్రైలర్ చక్రాలకు మాత్రమే బ్రేకు పడి, వెనుక బండి పగ్గం లాగినట్టు సాగి తిన్ననవుతుంది. ఆ మీట ఎక్కడున్నదో బయలుదేరక ముందే నాలుగుసార్లు తడిమి చూసుకోండి. వేగం గంటకు 60 మైళ్లు దాటనివ్వకండి. ట్రైలర్ టైర్లలో కొన్నింటిని గంటకు 65 మైళ్ల వరకే చేస్తారు. కాలిఫోర్నియాలో అయితే ట్రైలర్ లాగే బండికి చట్టమే 55 దాటనివ్వదు.

స్ప్రింగు కడ్డీలున్న మన హిచ్ చేసే పని వేరు. ట్రైలర్ ముందుభాగం పికప్ తోకను కిందికి నొక్కినప్పుడు పికప్ ముందు చక్రాలు తేలికపడి స్టీరింగు పట్టు తప్పుతుంది. ఆ కడ్డీలు కొంత బరువును తిరిగి ముందు చక్రాల మీదికి, కొంత ట్రైలర్ ఇరుసుల మీదికి పంచుతాయి. సామాను తప్పుగా సర్దితే ఆ తప్పును అవి సరిచేయవు. కప్లర్‌ను, అంటే ట్రైలర్ ముందు కొసన బాల్‌ను పట్టుకునే మూతిని, బాల్ మీదికి దించి, గొళ్లెం వేసి, పిన్ను గుచ్చిన తరువాత ముందు జాకీని రెండు మూడు అంగుళాలు పైకి తిప్పండి. పికప్ తోక కూడా లేస్తే పట్టు కుదిరినట్టే. గొలుసులను కప్లర్ కిందినుంచి ఒకదానికొకటి అడ్డంగా దాటించి తగిలించండి, కప్లర్ ఊడితే అవి ఉయ్యాలలాగా దానిని పట్టుకుంటాయి.

ఇక చేరిన తరువాత సంగతి. తలుపు తెరిచి లోపలికి పరుగెత్తకండి. వంటగట్టు మీద రసమట్టం పెట్టి ముందుగా కుడి ఎడమలు చూడండి. బుడగ ఎటు పోతే ఆ వైపు ఎత్తుగా ఉన్నట్టు, కనుక రెండో వైపు చక్రాల కింద పలకలు పేర్చి, పికప్‌తో మెల్లగా వాటి మీదికి ఎక్కించండి. ఈ పని ట్రైలర్‌ను విడదీయకముందే కావాలి, విడదీసిన తరువాత చక్రాలను ఎక్కించే దిక్కు ఉండదు. ఆ తరువాత రెండువైపులా చక్రాలకు ముందూ వెనుకా అడ్డు దిమ్మలు బిగించి, అప్పుడే కప్లర్ విప్పండి. దిమ్మలు లేకుండా విప్పితే నేల వాలు ఎటుంటే బండి అటు నడుస్తుంది, దానికి డ్రైవరు ఉండడు. ముందు వెనుకల మట్టాన్ని చివరగా ముందు జాకీతో సరిచేయాలి.

మట్టం ఎందుకంత ముఖ్యమని మీరు అడుగుతారు. పెనం మీద దోసె పోస్తే పిండి ఒక పక్కకు జారి, ఒక అంచు అట్టులాగా, మరో అంచు కాగితంలాగా వచ్చినప్పుడు అమ్మమ్మ నా ముఖం చూసిన చూపు ఒక కారణం. రెండో కారణం మన పాత ఫ్రిజ్. అందులో కంప్రెసర్ లేదు. 1922లో స్టాక్‌హోమ్‌లో ప్లాటెన్, మంటర్స్ అనే ఇద్దరు విద్యార్థులు, దాదాపు మీ వయసువాళ్లే, కనిపెట్టిన పద్ధతిలో అది గ్యాసు మంట వేడితోనే చల్లబడుతుంది. అమ్మోనియా, నీరు గొట్టాల్లో పైనుంచి కిందికి వాటంతట అవి జారితేనే పని సాగుతుంది. ట్రైలర్ ఒరిగి ఉంటే ద్రవం మధ్యలో నిలిచిపోయి, మంట తగిలే చోట గొట్టం ఎండి మాడి, లోపల గడ్డకట్టి మూసుకుపోతుంది. ఆ తరువాత దానికి మరమ్మతు లేనట్టే.

నాలుగు మూలలా ఉన్న కత్తెర జాకీలను ఆఖరున దించాలి. అవి బండిని ఎత్తడానికి కావు, లోపల మనుషులు నడిచేటప్పుడు ఊగకుండా ఆపడానికి మాత్రమే. మట్టం కుదరలేదని వాటితో ఒక మూలను లేపితే చట్రం మెలితిరిగి తలుపు మూసుకోదు. నేను లేపాను, మూసుకోలేదు. నేల మెత్తగా ఉంటే కింద చెక్క ముక్క వేసి, పాదం ఆనిన తరువాత మరొక అర చుట్టు బిగించండి, అంతకు మించి వద్దు. బరువంతా చక్రాల మీద, ముందు జాకీ మీదనే ఉండాలి.

తిరుగు ప్రయాణంలో ఆ నాలుగింటినీ ముందుగా ఎత్తి, ఒకరు ఎత్తినవి మరొకరు చుట్టూ తిరిగి వంగి చూడండి. వెళ్లేటప్పుడు కాన్యన్ లోపలికి దిగే రోడ్డు బాగా వాలు, వాలు మొదలు కాకముందే చిన్న గేరు వేయండి. నీళ్ల ట్యాంకు ఖాళీగానే తీసుకువెళ్లండి, అక్కడ కుళాయి ఉన్నది. రసమట్టం వంటగట్టు కింద మొదటి సొరుగులో, కిందటిసారి కాటా చీటీ దాని పక్కనే ఉన్నాయి. ఈసారి తూచిన చీటీని కూడా అక్కడే పెట్టండి, నేను వచ్చి చూస్తాను.

ఇట్లు,
మీ తాతయ్య