పొలం మ్యాపింగ్ గురించి నేను రోజూ వినే అపోహలు

బెంగళూరులో ఉండి, శాటిలైట్ బొమ్మలతో పంట ఎక్కడ బాగుందో ఎక్కడ లేదో చూపించే పొలం మ్యాపులు చేయడం నా పని. కోలార్, చింతామణి, ఇటు మదనపల్లె వైపు మన తెలుగు రైతులే ఎక్కువ, ఇక్కడ ఐటీలో ఉంటూ ఊళ్లో పొలం చూసుకునేవాళ్లు కూడా ఫోన్ చేస్తుంటారు. అందరూ దాదాపు ఇవే అడుగుతారు కాబట్టి రాస్తున్నా.

అపోహ: డ్రోన్ కావాలి, లక్షలు కావాలి, పెద్ద ఎస్టేట్లకే ఇదంతా.

అక్కర్లేదండీ. యూరప్ వాళ్ల సెంటినెల్-2 శాటిలైట్ బొమ్మలు ఫ్రీగా దొరుకుతాయి, చూడటానికి క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ కూడా ఫ్రీయే. ఆ బొమ్మలో ఒక పిక్సెల్ 10 మీటర్లు బై 10 మీటర్లు, అంటే 100 చదరపు మీటర్లు. మన గుంట 1,089 చదరపు అడుగులు, అంటే సుమారు 101 చదరపు మీటర్లు. పిక్సెల్‌కి ఒక గుంట, ఎకరానికి 40 అనుకోండి! ఈ లెక్క చెప్పగానే రైతు తన పొలాన్ని మ్యాప్‌లో గుర్తుపట్టేస్తాడు, నాకు ఈ పనిలో అన్నిటికన్నా ఇష్టం అదే. కానీ పది గుంటల మడికి మాత్రం ఇది పనికిరాదు, గట్టు మీద పడ్డ పిక్సెళ్లు తీసేస్తే మిగిలేవి నాలుగైదే.

అపోహ: మ్యాప్‌లో ఎర్రగా ఉంటే తెగులు వచ్చినట్టే, మందు కొట్టాలి.

దీనివల్లే డబ్బు ఎక్కువ వేస్ట్ అవుతోంది. బాగున్న ఆకు ఎర్ర కాంతిని పీల్చుకుంటుంది, కంటికి కనపడని నియర్ ఇన్‌ఫ్రారెడ్‌ని తిప్పికొడుతుంది, ఆ రెండిటి తేడాని వాటి మొత్తంతో భాగిస్తే వచ్చే అంకే ఎన్‌డీవీఐ, అది తక్కువున్న చోటే మ్యాప్‌లో ఎర్రగా కనిపిస్తుంది. పచ్చదనం తగ్గిందని చెప్తుంది అంతే, ఎందుకు తగ్గిందో దానికి తెలీదు. ఒకాయన టమాటా తోటలో ఒక మూల ఎర్రగా వస్తే మందు కొనడానికి బయల్దేరాడు, 'అన్నా, ముందు ఒకసారి ఆ మూలకి నడిచి చూడు' అన్నాను, చూస్తే బోరు నీళ్ల ఉప్పుకి డ్రిప్పర్లు మూసుకుపోయి మొక్కలకి నీళ్లే అందట్లేదు. దీనికి తిరగేసి కూడా జరుగుతుంది, లేత మామిడి తోట మ్యాప్‌లో పచ్చగా మెరిసిపోతుంటుంది, వెళ్లి చూస్తే ఆ పచ్చదనమంతా చెట్ల మధ్య వయ్యారిభామ కలుపు. అందుకే ఎక్కడికి నడవాలో మ్యాప్‌ని అడగండి, ఏం చేయాలో మాత్రం మొక్కని దగ్గర్నుంచి చూశాకే.

అపోహ: శాటిలైట్‌లో పొలం లైవ్‌లో కనిపిస్తుంది.

కాదు. గూగుల్ మ్యాప్స్‌లో మీరు చూసేది ఎప్పటిదో పాత ఫోటో. సెంటినెల్-2 సుమారు 5 రోజులకొకసారి మన మీదుగా వెళ్తుంది, వానాకాలంలో మబ్బు అడ్డం వస్తే ఆ రోజు బొమ్మ పోయినట్టే. సెంటినెల్-1 అనే ఇంకో శాటిలైట్ రాడార్‌తో మబ్బులోంచి చూస్తుంది కానీ అది చదవడం వేరే విద్య. కానీ ఒక లాభముంది, 2015 నుంచి పాత బొమ్మలన్నీ దొరుకుతాయి, ఏ మూల ఏటా వెనకబడుతోందో చూసి అక్కడ మట్టి పరీక్ష విడిగా చేయించొచ్చు.

అపోహ: ఫోన్‌తో గట్టు చుట్టూ నడిస్తే హద్దు తేలిపోతుంది.

దయచేసి ఈ మ్యాపు పట్టుకుని పక్క పొలం వాళ్లతో గొడవకి వెళ్లకండి. మామూలు ఫోన్ జీపీఎస్‌లో పైన ఆకాశానికి అడ్డేమీ లేకపోయినా మూడు నుంచి ఐదు మీటర్లు అటూఇటూ అవుతుంది, చెట్ల కింద ఇంకా ఎక్కువ. కర్ణాటకలో దిశాంక్ యాప్ సర్వే నంబర్ చూపిస్తుంది, అది ఏ నంబర్లో నిలబడ్డామో తెలుసుకోవడానికి బాగుంటుంది. డ్రిప్ పైపు ఎంత కావాలో, విత్తనం ఎంత కావాలో అంచనాకి ఫోన్ కొలత చాలు. రాయి పాతాలంటే మాత్రం సర్వేయర్‌నే పిలవండి.