అందరివీ ఒకే కార్లు, మరి తేడా ఎక్కడ? ఫార్ములా 3 మీద అపోహలు - వాస్తవాలు

నా పని కోయంబత్తూరులో. కుర్రాళ్ళు నడిపే సింగిల్ సీటర్ కార్లకి, అంటే చక్రాలు నాలుగూ బయటికి కనిపించే ఆ చిన్న రేసు కార్లకి సెటప్ చేస్తాను, సెషన్ అయ్యాక ల్యాప్‌టాప్‌లో డేటా ముందేసుకుని "మూడో మలుపులో మరీ ముందుగా బ్రేక్ కొట్టేస్తున్నావు నాయనా" అని చెప్తాను. సెలవులకి గుంటూరు వెళ్తే మా బాబాయి దగ్గర్నుంచి పక్కింటి ఇంటర్ కుర్రాడి దాకా అందరూ అవే ప్రశ్నలు వేస్తారు. వాటికి జవాబు చెప్పాల్సి వచ్చినప్పుడల్లా నేను 2020 ఫార్ములా 3 సీజనే తీస్తాను. ఫార్ములా 1కి రెండు మెట్ల కింద ఉండే సిరీస్ ఇది. ఆఖరి రేసు మొదలయ్యే ముందు ఆస్కర్ పియాస్ట్రీ, లోగన్ సార్జెంట్ అనే ఇద్దరు డ్రైవర్లకీ సరిగ్గా 160 పాయింట్లే ఉన్న సీజన్ అది.

అపోహ: అందరికీ ఒకే కారు కాబట్టి గెలిచినవాడిదే అసలు టాలెంట్.

సగం నిజం. 10 జట్లు, జట్టుకి మూడేసి చొప్పున 30 కార్లు, అన్నీ డల్లారా తయారుచేసినవే, ఇంజిన్ మెకాక్రోమ్, టైర్లు పిరెల్లి. అయినా ఆ ఏడాది మొదటి, మూడో, నాలుగో స్థానాలు మూడూ ఇటలీ జట్టు ప్రేమాకే వెళ్ళాయి. కారు ఒకటే గానీ దాన్ని నేలకి ఎంత ఎత్తులో పెట్టాలి, రియర్ వింగ్ ఎంత వంచాలి, ఏ టైరులో ఎంత గాలి ఉంచాలి అన్నవి ఎవరికి వాళ్ళే తేల్చుకోవాలి. గాలి సంగతి నాకు అనుభవం. ఒకసారి ఎండ ముదిరాక ట్రాక్ వేడెక్కింది, మా జట్టులో ఎవరూ ప్రెషర్ తగ్గించలేదు, ఆ "ఎవరూ"లో నేనూ ఉన్నాను, నాలుగు ల్యాపులయ్యేసరికి మా కారు వెనక టైర్లు జారడం మొదలై మూడో స్థానం నుంచి తొమ్మిదికి వచ్చాం. కుర్రాడు ఏమీ అనలేదు, అదే ఇంకా బాధ.

పైగా ఒకే రకం కారయినా ఒకేలా పాడవదు. ఆ సీజన్లో ఆస్కర్ పియాస్ట్రీ కారుకి డీఆర్‌ఎస్ పదేపదే మొరాయించింది. స్ట్రెయిట్‌లో వెనక రెక్క తెరుచుకుని వేగం పెంచే ఏర్పాటు అది. రేసు ఎవరు ఏ స్థానం నుంచి మొదలుపెట్టాలో తేల్చే క్వాలిఫైయింగ్‌లో పదిహేను ఇరవై కార్లు సెకను తేడాలో ఉంటాయి, అక్కడ అది పనిచేయకపోతే డ్రైవర్ ఎంత బాగా నడిపినా గ్రిడ్ (కార్లు బయల్దేరే వరస) మధ్యలోకి వెళ్ళిపోతాడు.

అపోహ: ఎక్కువ రేసులు గెలిచినవాడే ఛాంపియన్.

ఇది విన్నప్పుడల్లా ఈ పట్టిక చదివి వినిపిస్తాను. ఫ్రెడరిక్ వెస్టీ మూడు రేసులు గెలిచాడు, నాలుగో స్థానం. లియామ్ లాసన్ కూడా మూడు గెలిచాడు, ఐదో స్థానం. ఛాంపియన్ పియాస్ట్రీ గెలిచింది రెండే, సీజన్ మొత్తంలో క్వాలిఫైయింగ్‌లో గెలిచి అందరికన్నా ముందు నుంచి మొదలుపెట్టే పోల్ ఒక్కటి కూడా లేదు. లెక్కలో తేలినవి: పియాస్ట్రీ 164, పదిహేడేళ్ళ తెయో పూర్షేర్ 161, లోగన్ సార్జెంట్ 160. ఆ ఏడాది వారాంతానికి రెండేసి రేసులు; మూడు పాయింట్లంటే అందులో రెండో రేసులో ఎనిమిదో స్థానం విలువ, అంతే. 18 రేసుల్లో ఎక్కడో ఒకచోట వదిలేసిన ఎనిమిదో స్థానం.

అపోహ: టైటిల్ కోసం ఆడేవాడు ఆఖరి రోజు ముందు వరసలో ఉంటాడు.

సెప్టెంబర్‌లో ఆఖరి వారాంతానికి ఇటలీలోని ముజెల్లో ట్రాక్‌కి వచ్చేటప్పటికి పియాస్ట్రీకి సార్జెంట్ మీద 8 పాయింట్ల ఆధిక్యం ఉంది. మొదటి రేసులో సార్జెంట్ ఆరో స్థానంలో వచ్చి సరిగ్గా ఆ 8 పాయింట్లూ తెచ్చుకున్నాడు. పియాస్ట్రీకి పదకొండో స్థానం, సున్నా. ఇక్కడొక తమాషా ఉంది. ఆ ఏడాది నియమం ప్రకారం మొదటి రేసులో తొలి పదిమందినీ తిరగేసి రెండో రేసుకి నిలబెడతారు, అంటే పదో స్థానంలో వచ్చినవాడికి రెండో రేసులో పోల్ దక్కుతుంది. పదకొండోవాడు పదకొండులోనే ఉంటాడు. ఒక్క కారు, ఒక్కటంటే ఒక్కటి దాటి ఉంటే పియాస్ట్రీ ఆఖరి రేసుని అందరికన్నా ముందు నుంచి మొదలుపెట్టేవాడు. నేనే ఆ గ్యారేజీలో ఉంటే ఆ రాత్రి నిద్రపట్టేది కాదు.

ఆఖరి రేసు మొదటి ల్యాపులోనే లిరిమ్ జెండెలీ కారుతో తగిలి సార్జెంట్ ఆట ముగిసింది. ముందు పూర్షేర్ మూడో స్థానంలో దూసుకెళ్తున్నాడు. వెనక పియాస్ట్రీ ఒక్కొక్కరినే దాటుకుంటూ ఏడో స్థానానికి చేరి, నాలుగు పాయింట్లు సంపాదించి, టైటిల్ పట్టుకెళ్ళాడు. రేసు గెలిచింది లాసన్. టీవీలో సరదాగా చూసేవాళ్ళకి ఏడో స్థానంలో ఉన్న కారు అసలు కనిపించదు, మా లాంటివాళ్ళం మాత్రం దాన్నే చూస్తూ కూర్చుంటాం.

అపోహ: ఒకే జట్టు డ్రైవర్లు ఒకరికొకరు సాయం చేసుకుంటారు.

జట్టు పేరు ప్రేమా, లోపల ఉండేది పోటీ. పియాస్ట్రీ, సార్జెంట్, వెస్టీ ముగ్గురూ ఒకే గూటివాళ్ళు. ఒకడు ఏ మలుపులో ఎక్కడ బ్రేక్ కొట్టాడో మిగతా ఇద్దరికీ గ్రాఫులో కనిపిస్తుంది. దాచుకోవడానికేం ఉండదు. అదే ముగ్గురినీ వేగంగా మార్చేది కూడా.

అపోహ: పిట్ స్టాప్ తెలివితో గెలుస్తారు.

ఈ రేసుల్లో టైర్లు మార్చడానికి తప్పనిసరిగా ఆగాల్సిన పిట్ స్టాపులే ఉండవు.

అపోహ: ఇక్కడ గెలిస్తే ఫార్ములా 1 సీటు ఖాయం.

మా బాబాయి నమ్మకం ఇదే, ఐఐటీ సీటు వస్తే ఉద్యోగం వచ్చినట్టే అన్నట్టు. ఫార్ములా 1 నడపడానికి కావాల్సిన సూపర్ లైసెన్సుకి 40 పాయింట్లు కావాలి, ఫార్ములా 3 ఛాంపియన్‌కి ఇచ్చేవి 30. పియాస్ట్రీ మరుసటి ఏడాదే పై మెట్టు ఫార్ములా 2 కూడా గెలిచాడు, అయినా 2022 అంతా రిజర్వ్ డ్రైవర్‌గా బయటే కూర్చున్నాడు. 2023లో మెక్‌లారెన్‌లో సీటొచ్చింది, 2024లో హంగరీలో మొదటి గ్రాండ్ ప్రి (ఫార్ములా 1 ప్రధాన రేసు) గెలుపు. ఐదో స్థానం లాసన్ ఫార్ములా 1 చేరాడు. మూడో స్థానం సార్జెంట్ విలియమ్స్‌లో చేరి 2024 సీజన్ మధ్యలోనే సీటు పోగొట్టుకున్నాడు. టైటిల్‌కి మూడు పాయింట్ల దూరంలో ఆగిపోయిన పూర్షేర్ 2023లో ఫార్ములా 2 గెలిచి కూడా ఒక్క గ్రాండ్ ప్రి ఆడలేదు. అదే 2020లో ఒక్క పాయింటూ రాని జాక్ డూహన్ మాత్రం ఫార్ములా 1 గ్రిడ్ మీద నిలబడ్డాడు!

"మరి మనవాళ్ళో?" అంటాడు బాబాయి. 2019లో ముంబై కుర్రాడు జెహాన్ దారువాలా ఇదే సిరీస్‌లో, ఇదే ప్రేమా జట్టులో మూడో స్థానం తెచ్చుకున్నాడని, తర్వాత ఫార్ములా 2లో రేసులు గెలిచినా పైమెట్టు దొరకలేదని చెప్తాను. కాసేపు ఆలోచించి, అయితే ఆ ఏడో స్థానం రేసు ఒకసారి పెట్టు చూద్దాం అంటాడు.