అమ్మమ్మ దవడలో స్క్రూ ఊడి రాదా?

చిన్నూ, అమ్ములూ,

కొత్త పన్ను నిలబెట్టడానికి అమ్మమ్మ దవడలో టైటానియం స్క్రూ పెట్టారని వినగానే "అది ఊడి రాదా తాతయ్యా?" అని ఇద్దరూ ఒకేసారి అడిగారు, ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే రాస్తున్నాను. ఇన్నేళ్లు పళ్ల డాక్టరుగా పనిచేసి నేను గట్టిగా నమ్మేది ఒక్కటే, స్క్రూ ఎంత ఖరీదైనదన్నది తర్వాత, ముందు ఎముకలో గుంత ఎలా తీశారో చూడాలి.

మనింటి తలుపులు బిగించిన రోజు వడ్రంగి మామయ్య టేకు చెక్కకి సరిపడా బెజ్జం వేశాకే స్క్రూ ఎక్కించాడు, మెత్తటి చెక్కకైతే సన్న బెజ్జం వేసి వదిలేశాడు, గుర్తుందా? దవడా అంతే. కింది దవడ ముందు భాగం టేకులా గట్టిది. పై దవడ వెనక భాగం లోపల స్పాంజిలా గుల్లగా ఉంటుంది, అక్కడ స్క్రూ కన్నా సన్నగా గుంత తీస్తారు, లేదంటే ఎముకను తవ్వి బయట పారేయకుండా పక్కలకి అదిమి గట్టిపరుస్తారు. గట్టి ఎముకలో ఇదే పని చేస్తే మాత్రం ఒత్తిడికి ఎముక చచ్చిపోతుంది.

ఇంకోటి వేడి. 1983లో స్వీడన్‌లో ఎరిక్సన్, ఆల్‌బ్రెక్ట్‌సన్ అనే పరిశోధకులు కుందేళ్ల ఎముక మీద పరీక్షించి, 47 డిగ్రీల వేడి ఒక్క నిమిషం తగిలినా ఎముక దెబ్బతింటుందని చూపించారు. అందుకే చల్లటి సెలైన్ పోస్తూ, సన్న డ్రిల్‌తో మొదలుపెట్టి మెల్లగా వెడల్పు చేస్తారు. కొత్తలో నేనొకసారి ఒక పెద్దాయన దవడలో అరిగిపోయిన డ్రిల్‌తో బలంగా నొక్కాను. కొన్ని వారాలకి ఆ స్క్రూ నా వేలి కింద గిర్రున తిరిగింది. తప్పు నాదేనని ఆ పెద్దాయనకి చెప్పి, తీసేసి, ఎముక మానాక మళ్లీ పెట్టాను. ఆ రోజు నుంచి డ్రిల్ మొన చూడకుండా పని మొదలుపెట్టలేదు.

మొదట్లో స్క్రూని పట్టి ఉంచేది గుంతలో అది కూర్చున్న బిగువే. తర్వాత ఒళ్లు చుట్టూ నలిగిన పాత ఎముకను కొద్దికొద్దిగా కరిగించి కొత్తది పోస్తుంది, అది టైటానియాన్ని అతుక్కుంటుంది. పాతది పోయి కొత్తది ఇంకా గట్టిపడని రోజులు మధ్యలో వస్తాయి, సుమారు మూడు నాలుగు వారాల దగ్గర, అప్పుడే పట్టు బాగా తగ్గుతుంది, నొప్పి లేదు కదా అని జనం ఆ వైపు నమలడం మొదలుపెట్టేదీ అప్పుడే.

అమ్మమ్మకి ఇది మూడో వారం. జంతికలు కావాలని మీ దగ్గర గారాలు పోతుంది, ఇవ్వకండి, పెరుగన్నం మెత్తగా కలిపి పెట్టండి.

మీ తాతయ్య