గోధుమ అగ్గితెగులు: ఒక్క మార్కరు మీద నడుస్తున్న పేచీ

గోధుమ అగ్గితెగులు అనే శిలీంధ్ర వ్యాధిని ఒకే ఒక్క డీఎన్ఏ మార్కరుతో, అంటే రకాన్ని గుర్తుపట్టడానికి వాడే డీఎన్ఏ తునకతో, నిర్ధారించవచ్చా అన్న వాదన మళ్లీ రేగింది. 1985లో బ్రెజిల్‌లోని పరానాలో బయటపడిన ఈ తెగులు 2016లో బంగ్లాదేశ్‌లో దాదాపు 15 వేల హెక్టార్లను దెబ్బతీసిన వైనం తెలిసినదే. నేటి పేచీకి అసలు మూలం 2019లో ‘ఫైటోపాథాలజీ’ పత్రికలో వెంటవెంటనే అచ్చయిన రెండు లేఖల్లో ఉంది.

వరిని, గోధుమను, రై గడ్డిని పట్టే మాగ్నపోర్తే ఒరైజే అనే శిలీంధ్రపు రకాలన్నిటి సిద్ధబీజాలూ సూక్ష్మదర్శిని కింద మూడు గదులతో, బేరిపండు ఆకారంలో ఒకేలా కనిపిస్తాయి. ఆ చిక్కు తీర్చడానికే 2017లో ‘ఎంఓటీ3’ పరీక్ష వచ్చింది. డీఎన్ఏ తునకలకు ఎన్నో ప్రతులు తీసే పద్ధతి పీసీఆర్. డబ్ల్యూబీ12 అనే డీఎన్ఏ తునక పీసీఆర్‌లో పెరిగి, డీఎన్ఏను విడదీసి చూపే జెల్ మీద గీతగా కనిపిస్తే అది గోధుమ రకమన్నది దాని సూత్రం. అయితే బంగ్లాదేశ్‌లోనూ బ్రిటన్‌లోనూ వేర్వేరు ప్రయోగశాలల్లో పరీక్షించినప్పుడు, ఎంచుకున్న ఎనిమిది వరి ఐసొలేట్లలోనూ (వరి మొక్కల నుంచి వేరుచేసిన శిలీంధ్ర నమూనాల్లోనూ) అదే గీత పడిందని మొదటి లేఖ చెప్పింది. ఆ తునకను పోలిన వరుసలు వరి, గోధుమ రకాలు రెండింటి జీనోముల్లోనూ (మొత్తం డీఎన్ఏలోనూ) ఉన్నాయని కూడా ఆ లేఖ రాసిన బృందం చూపింది. వరి, గోధుమ తెగుళ్లు రెండూ ఉన్న దేశంలో ఇది తీసిపారేయదగిన లోపం కాదు.

పరీక్ష రూపకర్తలు రెండో లేఖలో బదులిస్తూ, తాము చెప్పిన పద్ధతిని తుచ తప్పకుండా పాటిస్తే మార్కరు సరిగానే పనిచేస్తుందన్నారు. అందులో కొంత సబబు ఉన్నా, చేయి మారితే ఫలితం మారే పరీక్షను క్షేత్రస్థాయి ప్రయోగశాలలకు ఎలా అప్పగించాలన్న ప్రశ్న అలాగే మిగిలింది.

నిజానికి హెచ్చరిక అంతకుముందే అందింది. 2011లో అమెరికాలోని కెంటకీలో ఒకే ఒక్క గోధుమ మొక్కకు సోకిన శిలీంధ్రం దక్షిణ అమెరికా గోధుమ వంశానికి కాక, స్థానిక రై గడ్డి రకాలకు దగ్గరిదని తర్వాత తేలింది. గోధుమ మీద దొరికిందంతా గోధుమ రకం కాదన్నమాట. గోధుమ రకాన్ని వేరే జాతిగా గుర్తించాలని 2016లో వచ్చిన ప్రతిపాదనను, వంశాల మధ్య జన్యు మార్పిడి జరుగుతోందని చూపిన 2018 నాటి జీనోము అధ్యయనం తోసిపుచ్చింది. జన్యువులు అటూ ఇటూ దాటే చోట ఏ ఒక్క తునకా శాశ్వతమైన గుర్తుగా నిలవదు.

బంగ్లాదేశ్ శిలీంధ్రం దక్షిణ అమెరికాదేనని 2016లో తేల్చింది కూడా ఒక్క మార్కరు కాదు, పొలాల నుంచి తెచ్చిన నమూనాల జీనోము సమాచారం. అనేక జీనోములను పోల్చి తయారుచేసిన కొత్త క్యూపీసీఆర్ (పెరిగే డీఎన్ఏను అప్పటికప్పుడే కొలిచే పీసీఆర్) పరీక్ష 2020లో వచ్చింది. తెగులు అనుమానంతో విత్తన సరుకును ఆపే ముందు కనీసం రెండు మార్కర్ల ఫలితాలు ఒకటి కావాలని, సందేహం ఉంటే జన్యుక్రమం చూడాలని అడగడం ఈ నేపథ్యంలో అతి జాగ్రత్త అనిపించుకోదు.